పది మైళ్ల ముందే మొదలయ్యే ల్యాండింగ్: ఒక విద్యార్థి పైలట్ కేసు

విమాన శిక్షకుడిగా నా చేతికి వచ్చిన ఒక విద్యార్థి శిక్షణ ఫైలులో చివరి పేజీల నిండా దాదాపు ఒకే మాట ఉంది: ఫ్లేర్ కుదరడం లేదు, ఇంకా సాధన చేయించాలి. నేలకు పదిహేను, ఇరవై అడుగుల ఎత్తులో మొదలయ్యే పని పేరే ఫ్లేర్. దిగుతున్న విమానాన్ని మెల్లగా నేలకు సమాంతరంగా మళ్లించి, ముక్కు ఎత్తి పట్టి, వేగం తగ్గేదాకా ఆగి, ప్రధాన చక్రాలు ముందుగా రన్‌వేను తాకేలా చేయడం. బయటి నుంచి చూసేవారికి ల్యాండింగ్ అంటే ఆ కొద్ది క్షణాలే. శిక్షకుల రాతల్లోనూ ఎక్కువగా ఆ క్షణాలే కనిపిస్తాయి, ఎందుకంటే తప్పు పైకి తేలేది అక్కడే. తప్పు పుట్టే చోటు వేరు. ఈ కేసును పూర్తిగా రాయడానికి కారణం అదే.

ఆమె వయసు ముప్పై అయిదు దాటింది. గుంటూరు ప్రాంతం నుంచి వచ్చి డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. ప్రైవేట్ పైలట్ లైసెన్సు కోసం వారాంతాల్లో నేర్చుకుంటున్నారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి, ఆమె అనుమతితోనే రాస్తున్నాను. శిక్షణ జరిగింది టెక్సస్ ఉత్తర భాగంలోని డెంటన్ విమానాశ్రయంలో, సెస్నా 172ఎస్ అనే చిన్న విమానం మీద. అమెరికా నిబంధనల ప్రకారం ఈ లైసెన్సుకు కనీసం 40 గంటలు విమానం నడిపిన అనుభవం ఉండాలి. ఆమె నా దగ్గరికి వచ్చేసరికే ఆ అంకె దాటింది. దానిలో విడ్డూరం లేదు. ఉద్యోగం చేసుకుంటూ నేర్చుకునేవారిలో చాలామందికి అంతకంటే బాగా ఎక్కువే పడుతుంది. సొంత విమానాశ్రయంలో ఒంటరిగా ఎగిరి దిగారు కూడా. పాత శిక్షకుడు విమానయాన సంస్థలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోవడంతో కేసు నాకు వచ్చింది.

మొదట ఆమెను డెంటన్‌లోనే చూశాను. గాలి నెమ్మదిగా ఉన్న ఉదయం పూట ఆమె దిగడం బాగానే ఉంది అనిపించేది. డౌన్‌విండ్‌లో (దిగే ముందు రన్‌వేకు సమాంతరంగా, దిగే దిశకు వ్యతిరేకంగా వెళ్లే దశలో) ఎత్తు కచ్చితంగా నిలుపుతారు. చెక్‌లిస్టు తడబడకుండా చదువుతారు. గాలి కొంచెం పెరిగినా, వెనకో ముందో మరో విమానం ఉన్నా తీరు మారిపోయేది. వేగం పెరిగి, విమానం నేలను తాకకుండా రన్‌వే మీద తేలుతూ పోయేది, లేదా ముక్కు చక్రం ముందు తగిలి ఎగిరిపడేది. ప్రతిసారీ ఆమె అనే మాట ఒకటే: "సర్, మళ్లీ ఫ్లేర్ పోయింది."

షెర్మన్ ప్రయాణం

అసలు సమస్య బట్టబయలైంది మరో ఊరి విమానాశ్రయంలో. డెంటన్‌కు ఈశాన్యంగా సుమారు 40 నాటికల్ మైళ్ల దూరంలో షెర్మన్, డెనిసన్ పట్టణాల దగ్గర నార్త్ టెక్సస్ రీజినల్ విమానాశ్రయం ఉంది. ఒకప్పుడు అది పెరిన్ వైమానిక స్థావరం. 1971లో మూసేశాక పౌర విమానాశ్రయంగా మారింది. యుద్ధ విమానాల కాలం నాటి 9,000 అడుగుల రన్‌వే ఇప్పటికీ వాడుకలో ఉంది. విద్యార్థి తప్పు చేసినా సర్దుకునే చోటు ఉంటుందని ఇలాంటి ప్రయాణాలకు ఆ రన్‌వే నాకు ఇష్టం.

3,500 అడుగుల ఎత్తులో వెళ్తున్నాం. దారి తప్పలేదు, ఇంధనం లెక్క తప్పలేదు. పది మైళ్ల దూరంలో ఆమె విమానాల రాకపోకలను నియంత్రించే టవర్‌ను పిలిచారు. కుడివైపు డౌన్‌విండ్‌లో చేరమని టవర్ చెప్పింది. ఆమె తిరిగి చెప్పారు. ఆ తర్వాత తల వంచి కాగితంలో రాసుకున్న రన్‌వే బొమ్మ చూసుకుంటున్నారు. విమానం మాత్రం 3,500 దగ్గరే ఉంది. అయిదు మైళ్లకు వచ్చాక ఆమె ఒకసారి ఎత్తు చూసి, ఇంజన్ శక్తిని మార్చే థ్రాటల్ తగ్గించి ముక్కు కిందికి వంచారు. విమానాశ్రయం సముద్ర మట్టానికి 750 అడుగుల ఎత్తున ఉంటుంది కనుక సర్క్యూట్ ఎత్తు, అంటే దిగే ముందు రన్‌వే చుట్టూ తిరిగే దారి ఎత్తు, దాదాపు 1,750. దించాల్సింది మరో పదిహేడు వందల అడుగులు. ఉన్నది రెండున్నర నిమిషాలు.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించాలి. విద్యార్థి కూర్చునేది ఎడమ సీటులో. కుడివైపు సర్క్యూట్ అంటే రన్‌వే నా వైపు ఉంటుంది. ఆమె నన్ను దాటి, కుడి కిటికీ లోంచి చూడాలి. ఆమె మెడ చాపి, భుజం ఎత్తి, నా ముందుకు వంగి చూశారు. అయినా రన్‌వే కనబడలేదు. కనబడడానికి ఆ వైపు రెక్కను వంచారు. విమానం రన్‌వే వైపు జరిగింది. ఇరుకైన డౌన్‌విండ్, ఎక్కువ ఎత్తు, ఎక్కువ వేగం. డౌన్‌విండ్ నుంచి రన్‌వే వైపు అడ్డంగా తిరిగే బేస్ మలుపు దగ్గర వేగం 105 నాట్లు, అంటే గంటకు 105 నాటికల్ మైళ్లు, చూపిస్తోంది. ఈ విమానంలో రెక్కల వెనక అంచున దించే ఫ్లాప్స్‌లో మొదటి మెట్టును 110 లోపు దించవచ్చు. ఆపై మెట్లకు హద్దు 85. కాబట్టి విమానాన్ని నెమ్మది చేయగల గట్టి సాధనం ఆమెకు అందుబాటులో లేదు. ఫైనల్‌లోకి (రన్‌వేకు నేరుగా దిగే చివరి దారిలోకి) తిరిగేటప్పుడు రన్‌వే మధ్య గీతను దాటిపోయి మళ్లీ వెనక్కి తిప్పారు. రన్‌వే మొదలును దాటేటప్పుడు 82 నాట్లు. ఉండాల్సింది 65.

65కు బదులు 80 ఉంటే తేడా పదిహేను నాట్లే కదా అనిపిస్తుంది. చలనశక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. ఆ పదిహేను నాట్లతో విమానం మోసుకొచ్చే శక్తి సగానికి సగం పెరుగుతుంది. ఆ శక్తి అంతా ఎక్కడో ఖర్చు కావాలి. 172 రెక్కల పొడవు 36 అడుగులు. నేలకు అంతకంటే తక్కువ ఎత్తులోకి రాగానే గాలి నిరోధం తగ్గి, విమానం తేలడానికి ఇంకా సులువవుతుంది. మేం తేలాం. సగం రన్‌వే కింద నుంచి జారిపోయాక ఆమె ఓపిక నశించి, ముక్కును ఎత్తే దించే చేతి పిడి అయిన యోక్‌ను ముందుకు నెట్టారు. ముక్కు చక్రం ముందు తగిలింది, విమానం ఎగిరింది, నేను కంట్రోల్ తీసుకుని పూర్తి శక్తి ఇచ్చి మళ్లీ పైకి తీసుకెళ్లాను.

కిందికి దిగాక ఆమె రాసుకున్న మాట చూశాను. "ఫ్లేర్." కింద గీత.

ఆ ప్రయాణంలో చెడిన చివరి విషయం ఫ్లేర్. దానికి ముందు చెడినవి వరుసగా చెప్పుకుంటూ వస్తే, పది మైళ్ల దగ్గర దిగడం మొదలుపెట్టకపోవడం దాకా పోవాలి. నా లెక్కలో ఇంకా వెనక్కే పోవాలి, ఇంజన్ మొదలుపెట్టక ముందు సీటులో కూర్చున్న క్షణం దాకా.

సీటు, చక్రం, టవర్ గొంతు

ఆమె ఎత్తు అయిదడుగులకు కొంచెం ఎక్కువ. 172ఎస్‌లో ముందు సీటును చిన్న పిడి తిప్పి పైకి, కిందికి జరపవచ్చు. ఆమె ఎప్పుడూ ఆ పిడిని ముట్టుకోలేదు. అంతకు ముందు ఎగిరిన మనిషి ఎలా వదిలేసి వెళ్తే అలా కూర్చునేవారు. పెడల్స్ అందడానికి సీటును ముందుకు జరుపుకోవడం వరకే నేర్పినట్టుంది. పొడుగు మనిషి ఎగిరి వెళ్లిన రోజున ఆమె కళ్లు ఇంజన్ మూత అంచుకు కాస్త మాత్రమే పైన ఉండేవి. అలాంటి రోజున ఫైనల్‌లో సరైన భంగిమలో ముక్కు ఉంటే ఆమెకు రన్‌వే సగమే కనిపిస్తుంది. రన్‌వే కనబడాలంటే ముక్కు వంచాలి. ముక్కు వంచితే వేగం పెరుగుతుంది. తెలిసి చేసిన పని కాదు. కళ్లు అడిగినదానికి చేతులు ఇచ్చిన జవాబు. ఇక ఫ్లేర్‌లో ముక్కు పైకి లేచేసరికి రన్‌వే పూర్తిగా మాయమవుతుంది. మాయమైన వెంటనే చేతులు దాన్ని వెతుక్కుంటూ ముక్కును మళ్లీ దించుతాయి. ముక్కు చక్రం ముందు తగలడానికి ఇంతకంటే వేరే వివరణ అక్కర్లేదు.

సీటు ఎత్తు రోజుకో తీరుగా ఉంటే రన్‌వే రూపం కూడా రోజుకో తీరుగా కనిపిస్తుంది. ఫ్లేర్‌ను ఎవరూ మాటలతో నేర్చుకోలేరు. పదేపదే ఒకే దృశ్యం చూసి కళ్లు నేర్చుకోవాలి. ఆ దృశ్యమే నిలకడగా లేనప్పుడు ఎన్ని గంటలు సాధన చేయించినా కళ్లకు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఆమె ఫైలులోని "ఇంకా సాధన" అన్న సలహా ఫలించకపోవడానికి ఇదొక పెద్ద కారణమని నా నమ్మకం.

రెండోది ట్రిమ్. విమానాన్ని ఒక వేగానికి ట్రిమ్ చేస్తే, చేయి వదిలినా అది ఆ వేగాన్నే వెతుక్కుంటుంది. డౌన్‌విండ్‌లో 90 నాట్లకు ట్రిమ్ చేసి ఉన్న విమానంలో శక్తి తగ్గించగానే అది 90 నిలుపుకోవడానికి ముక్కు దించుతుంది. దాన్ని 65కు తేవాలంటే పైలట్ యోక్‌ను వెనక్కి లాగి పట్టుకోవాలి, లేదా ట్రిమ్ చక్రం తిప్పి ఆ బరువును విమానానికే అప్పగించాలి. ఆమె ప్రతిసారీ లాగి పట్టుకునేవారు. బేస్‌లో నేను ఆమె చేతులు చూశాను: ఎడమ చేతి వేళ్ల కణుపులు తెల్లబడి ఉన్నాయి, కుడి చేయి థ్రాటల్‌కు అతుక్కుని ఉంది, ఆ కింద ఉన్న ట్రిమ్ చక్రం వైపు ఒక్కసారీ పోలేదు. "రెండు వేళ్లతో పట్టుకోండి చాలు" అన్నాను. పట్టు సడలించిన మరుక్షణం ముక్కు వాలిపోయింది. వేగం 72 నుంచి 80 దాటింది. నీళ్లు నిండిన బిందెను చంకన మోస్తూ పక్కవారితో మాట్లాడుతున్న మనిషి లాంటి పరిస్థితి ఆమెది. మాట మీదకు ధ్యాస పోతే బిందె ఒరుగుతుంది.

ఆ ధ్యాస ఎక్కడికి పోతోందో తేలింది రికార్డుల వల్ల. విమానంలోని గార్మిన్ జీ1000 వ్యవస్థ వేగం, ఎత్తు, ఇంజన్ ఆర్‌పీఎం వంటివి సెకనుకోసారి మెమరీ కార్డు మీద రాసిపెడుతుంది. కాక్‌పిట్‌లో చిన్న కెమెరా పెట్టి హెడ్‌సెట్ మాటలు కూడా రికార్డు చేశాను. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆమెతో కలిసి చూశాను. వేగం గీత ఉన్నట్టుండి పైకి లేచిన చోట్లలో చాలావాటికి ముందు రెండు మూడు క్షణాల్లో టవర్ గొంతు ఉంది. డౌన్‌విండ్ పొడిగించండి. ముందున్న విమానం వెనకే రండి. దగ్గరగా మలుపు తీసుకోగలరా. టవర్ పిలుస్తుంది, ఆమె చేయి రేడియో మీటకు పోతుంది, పట్టు సడలుతుంది, ముక్కు వాలుతుంది. గాలి నెమ్మదిగా ఉన్న ఉదయాల్లో ఆమె బాగా దిగడానికి కారణం గాలి ఒక్కటే కాదని అప్పుడు అర్థమైంది. ఆ వేళకు మిగతా విమానాలు తక్కువ, అందుకని టవర్ మాటలూ తక్కువ.

ఆమె ఆ రికార్డు చూసి చాలాసేపు ఆలోచించి అన్న మాట నాకు ముఖ్యంగా తోచింది. "క్లాసులో టీచర్ పేరు పెట్టి పిలిస్తే వెంటనే లేచి జవాబు చెప్పాలని మా ఇంట్లో నేర్పారు సర్. టవర్ పిలిస్తే నా ఒళ్లు అలాగే లేస్తుంది. ఆగమని చెప్పవచ్చని నాకు తోచనే లేదు." ఇది మన పిల్లల్లో, పెద్దల్లో నేను చాలాసార్లు చూశాను. పెద్దవారి మాటకు తడుముకోకుండా బదులివ్వడం మర్యాద అని పెరిగినవారికి, టవర్‌తో "స్టాండ్‌బై" (ఆగండి) అనడం, "అనేబుల్" (చేయలేను) అనడం ధిక్కారంలా వినిపిస్తుంది. నిజానికి ఆ రెండు మాటలూ పైలట్ హక్కులో భాగం. కంట్రోలర్లు వాటిని తప్పు పట్టరు; పైగా ఒప్పుకుని చేయలేకపోయిన పైలట్ కంటే చేయలేనని ముందే చెప్పిన పైలట్ వారికి తేలిక.

ఒక విషయం అదనంగా బయటపడింది. డెంటన్‌లో ఆమె మలుపులు రన్‌వేను చూసి తీసుకున్నవి కావు. ఫలానా గోదాము కప్పు రెక్క కిందికి రాగానే శక్తి తగ్గించాలి, ఫలానా రోడ్డు దగ్గర బేస్‌కు తిరగాలి, ఇలా నేల గుర్తులు కంఠస్థం చేశారు. ఎంత గట్టిగా చేశారంటే, గాలి మారినా మలుపు మారేది కాదు. షెర్మన్‌లో ఆ కప్పూ లేదు, ఆ రోడ్డూ లేదు. మరో విమానాశ్రయానికి వెళ్లగానే కుప్పకూలే విద్యార్థుల్లో ఇది ఎంత సాధారణమో శిక్షకులకు తెలుసు, కానీ సొంత సర్క్యూట్‌లో బాగా దిగుతున్న విద్యార్థిని ఎవరూ ఈ ప్రశ్న అడగరు: ఇప్పుడే ఎందుకు తిరిగారు?

దిద్దుబాటు

ముందుగా ఫ్లేర్ అనే మాటను కొంతకాలం పక్కన పెట్టమన్నాను. పాఠం తర్వాత రాసుకునే కాగితంలో ఆ మాట రాకూడదు. బదులుగా రన్‌వే మొదలు దాటేటప్పుడు వేగం ఎంత, 300 అడుగుల ఎత్తు దగ్గర వేగం ఎంత, అక్కడ విమానం రన్‌వే మధ్య గీత మీద ఉందా, ఇవి మాత్రమే రాయాలి.

సీటు పని ఒక్క పూటలో అయిపోయింది. విమానం నేల మీద ఉండగానే ఆమెను కూర్చోబెట్టి, పిడి తిప్పుతూ, ఇంజన్ మూత అంచు మీదుగా ఎంత దూరం కనిపిస్తోందో చూశాం. సీటును పూర్తిగా పైకి లేపినా చాలలేదు. కింద గట్టి దిండు ఒకటి వేశాం. మెత్తటి దిండు పనికిరాదు, కుదుపుల్లో కుంగిపోయి దృశ్యం మారిపోతుంది. కళ్లు సరైన ఎత్తుకు వచ్చాక ఎదురుగా కనిపించే గుర్తులు రెండు ఆమె చేతే ఎంచుకోమని, అప్పటి నుంచి ప్రతిసారీ చెక్‌లిస్టుకు ముందు ఆ గుర్తులకు సీటు సరిచేసుకోమన్నాను. దిండు ఇప్పుడు ఆమె సంచిలో హెడ్‌సెట్ పక్కన ఉంటుంది. ఆ మార్పు తర్వాతి మొదటి సర్క్యూట్‌లోనే ఆమె, "రన్‌వే ఇంత ఉంటుందా సర్?" అన్నారు.

ట్రిమ్ నేర్పింది రన్‌వేకు దూరంగా, 3,500 అడుగుల మీద. 2,500 అడుగులను నేల అనుకున్నాం. డౌన్‌విండ్ వేగం, శక్తి తగ్గించడం, 10 డిగ్రీల ఫ్లాప్స్‌తో 80, 20తో 70, 30తో 65. ప్రతి మార్పుకూ వరుస ఒకటే: శక్తి, భంగిమ, ట్రిమ్. ట్రిమ్ అయిందో లేదో తెలుసుకోవడానికి యోక్ మీద నుంచి వేళ్లు తీసి మూడు అంకెలు లెక్కపెట్టాలి. ముక్కు కదలకపోతే అయినట్టు. కదిలితే మళ్లీ. పైన ఉన్నప్పుడు తొందర లేదు, తప్పుకు శిక్ష లేదు. చేతికి ఆ చక్రం అలవాటు కావడానికి అంతకంటే మంచి చోటు లేదు. సర్క్యూట్‌లోకి తిరిగి వచ్చాక మొదట రేడియో నేనే మాట్లాడాను. చేతులు స్థిరపడ్డాక రేడియో ఆమెకు ఇచ్చాను, ఒక షరతుతో: మీట నొక్కే ముందు వేగం ఒకసారి చూడాలి. చూసేంత తీరిక లేకపోతే జవాబు ఆగాలి. టవర్ దగ్గరగా మలుపు తీసుకోమంటే మొదటిసారి ఆమె చేత "అనేబుల్" అనిపించాను. అవతలి నుంచి మామూలు గొంతుతో, అయితే డౌన్‌విండ్ కొనసాగించండి అని వచ్చింది. ఆమె నా వైపు తిరిగి నవ్వారు. చాలా పాఠాల కంటే ఆ ఒక్క సంభాషణ ఎక్కువ పని చేసింది.

నేల గుర్తుల బదులు కోణం చూడడం నేర్పడానికి డెంటన్‌లోనే మంచి అవకాశం ఉంది. అక్కడ పక్కపక్కన రెండు రన్‌వేలు ఉన్నాయి: పెద్దది 7,002 అడుగుల పొడవు, 150 అడుగుల వెడల్పు, రెండోది సుమారు 5,000 పొడవు, 75 వెడల్పు. వెడల్పు రన్‌వేకు అలవాటుపడిన కళ్లకు ఇరుకు రన్‌వే దూరంగా, కింద ఉన్నట్టు కనిపిస్తుంది. తాము ఎక్కువ ఎత్తులో ఉన్నామనుకుని పైలట్లు కిందికి దిగిపోతారు. వెడల్పు రన్‌వే మీద దీనికి విరుద్ధం: నేల దగ్గరగా ఉన్నట్టు భ్రమ కలిగి ముందే ముక్కు ఎత్తుతారు. ఒకే ఉదయం రెండింటి మీదా దింపించాను. కళ్లు మోసం చేస్తున్నాయని చెప్పడం వేరు, అరగంటలో రెండు రకాల మోసాన్నీ స్వయంగా చూడడం వేరు. రన్‌వే పక్కన దిగే ఎత్తు సరిగా ఉందో చూపే పాపీ దీపాలు ఉన్నచోట కళ్లను వాటితో సరిచూసుకోమన్నాను. నాలుగు దీపాల్లో రెండు తెలుపు, రెండు ఎరుపు అయితే దారి సరి. తెలుపు ఎక్కువైతే ఎత్తు ఎక్కువ, ఎరుపు ఎక్కువైతే తక్కువ. కానీ దీపాల మీదే ఆధారపడకుండా, ముందుగా ఆమె నోటితో "ఎక్కువ", "తక్కువ", "సరి" అని చెప్పాకే దీపాలు చూడాలి. కొద్ది వారాల్లో ఆమె అంచనాకూ దీపాలకూ తేడా రావడం అరుదైపోయింది.

గురి బిందువు గురించి కూడా ఒక మాట. విండ్‌షీల్డ్‌లో కదలకుండా నిలిచిన చోటు ఏదో, విమానం అక్కడికే వెళ్తోంది. పైకి జరుగుతున్న చోటును చేరలేం, కిందికి జరుగుతున్న చోటును దాటిపోతాం. ఇది పుస్తకంలో ఆమె చదివినదే. సీటు కుంగి, సగం రన్‌వే మూత వెనక దాగి ఉన్నప్పుడు దాన్ని చూడగలిగే వీలు లేదు.

విమానాశ్రయానికి చేరుకునే దశకు ఒక మోటు లెక్క ఇచ్చాను. మా విమానం దిగేటప్పుడు నిమిషానికి దాదాపు రెండు మైళ్లు పోతుంది. నిమిషానికి 500 అడుగులు దిగితే ప్రతి వెయ్యి అడుగులకు నాలుగు మైళ్లు కావాలి. సర్క్యూట్‌లో చేరే ముందే వేగం తగ్గి, ఎత్తు కుదిరి ఉండాలి కనుక మరో మూడు మైళ్లు కలపాలి. షెర్మన్‌కు 3,500 నుంచి 1,750కి దిగాలంటే ఏడు, మూడు, మొత్తం పది. ఆ అంకెను ప్రయాణం ముందే మోకాలి పలక మీద పెద్దక్షరాలతో రాయాలి. వాతావరణ సమాచారం వినడం, రన్‌వే బొమ్మ చూసుకోవడం, ఏ వైపు సర్క్యూట్ వస్తే రన్‌వే ఏ కిటికీలో కనిపిస్తుందో ఊహించుకోవడం అన్నీ పదిహేను మైళ్ల లోపలికి రాకముందే అయిపోవాలి. పది దగ్గర తల పైకి, కళ్లు బయటికి. ఇంట్లో కుర్చీలో కూర్చుని, చేతులతో లేని థ్రాటల్‌ను, లేని చక్రాన్ని కదిలిస్తూ, టవర్ మాటలు కూడా తానే పలుకుతూ మొత్తం రాకను సాధన చేయమన్నాను. ఆమె దీన్ని శ్రద్ధగా చేశారు. టవర్ పాత్ర ఆమె భర్తదట.

తిరిగి పైకి వెళ్లడం

ఆమె నా దగ్గరికి వచ్చేనాటికి తనంతట తానుగా ఒక్క గో అరౌండ్ (దిగడం ఆపి మళ్లీ పైకి వెళ్లడం) కూడా చేసినట్టు ఫైలులో లేదు. అడిగితే, "అది ఫెయిలైనట్టు కదా సర్" అన్నారు. ఈ ఒక్క విషయంలో నేను నెమ్మదిగా మాట్లాడలేను.

2010 మే 22న దుబాయ్ నుంచి మంగళూరు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 812 విమానం ఉండాల్సిన దాని కంటే చాలా ఎత్తులో, ఎక్కువ వేగంతో రన్‌వేకు వచ్చింది. తిరిగి పైకి వెళ్దామని కో పైలట్ మూడుసార్లు చెప్పినట్టు విచారణలో తేలింది. అయినా దిగడం ఆపలేదు. 8,033 అడుగుల రన్‌వే మీద సుమారు 5,200 అడుగుల దగ్గర చక్రాలు తాకాయి. మిగిలిన రన్‌వే చాలక విమానం కొండ అంచు దాటి లోయలో పడింది. 166 మందిలో 158 మంది చనిపోయారు. కెప్టెన్‌కు వేల గంటల అనుభవం ఉంది. షెర్మన్‌లో మేం సగం రన్‌వే దాకా తేలినప్పుడు మమ్మల్ని కాపాడినది 9,000 అడుగుల పొడవు మాత్రమే. అదే రాక 3,000 అడుగుల రన్‌వే మీద జరిగి ఉంటే ఏమయ్యేదో ఆమె చేతే లెక్క వేయించాను. ఆమె కాగితం మీద అంకె వేసి పెన్ను పక్కన పెట్టేశారు.

అప్పటి నుంచి మాకు 300 అడుగులు హద్దు. నేలకు అంత ఎత్తున వేగం 65కు అటూ ఇటూ అయిదు లోపు, విమానం రన్‌వే గీత మీద, ఫ్లాప్స్ దిగి, ట్రిమ్ అయి ఉండాలి. ఏ ఒక్కటి లేకపోయినా చర్చ లేదు: పూర్తి శక్తి, ఫ్లాప్స్ 20కి, 60 నాట్లతో పైకి. గాలి హెచ్చుతగ్గులతో విసురుగా ఉన్న రోజుల్లో ఆ హెచ్చుతగ్గుల తేడాలో సగం వేగానికి కలుపుకుంటాం, కానీ హద్దు మారదు. అన్నీ సరిగా ఉన్నప్పుడు కూడా అప్పుడప్పుడు ముందు చెప్పకుండా "గో అరౌండ్" అనేవాణ్ని. అది శిక్ష అన్న భావం పోవాలంటే మంచి రాక తర్వాత కూడా చేయాలి. బేస్ నుంచి ఫైనల్‌కు తిరిగేటప్పుడు గీత దాటిపోతే, మలుపు బిగించి వెనక్కి తెచ్చే ప్రయత్నం పూర్తిగా నిషేధం. 30 డిగ్రీల వంపులో స్టాల్ వేగం, అంటే అంతకంటే తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం, ఏడు శాతమే పెరుగుతుంది, 60లో 41 శాతం. తక్కువ ఎత్తులో, నెమ్మదిగా, బిగించిన మలుపులో స్టాల్ అయితే కోలుకునే చోటు ఉండదు.

ఇప్పటి స్థితి

షెర్మన్‌కు మళ్లీ వెళ్లినప్పుడు పది మైళ్ల దగ్గర నేను ఏమీ మాట్లాడలేదు. ఆమె పలక మీది అంకె చూసి, శక్తి తగ్గించి, ట్రిమ్ చక్రం తిప్పి, ఆ తర్వాత టవర్‌ను పిలిచారు. మళ్లీ కుడివైపు సర్క్యూటే వచ్చింది. ఈసారి రన్‌వే ఆమెకు నా కిటికీలో కనబడింది. రన్‌వే మొదలు దగ్గర 66 నాట్లు. ప్రధాన చక్రాలు ముందు తాకాయి. ఫ్లేర్ గురించి నేను నేర్పినది ఆ మధ్యకాలంలో దాదాపు ఒక్కటే: విమానం సమాంతరంగా మళ్లాక చూపును దగ్గరి తారు మీద నుంచి రన్‌వే చివరికి మార్చడం. మిగతాది కళ్లు తామే నేర్చుకున్నాయి.

రికార్డుల్లో ఫైనల్ వేగం గీత ఇప్పుడు ఎక్కువగా 63, 68 మధ్యే ఉంటోంది. టవర్ మాట్లాడినప్పుడు గీత లేవడం పూర్తిగా పోలేదు. రద్దీ ఎక్కువైన శనివారాల్లో ఒకటి రెండు నాట్లు కదులుతుంది. తేడా ఏమిటంటే ఇప్పుడు అది ఆమెకే ముందు తెలుస్తోంది. ఆమె స్వయంగా నిర్ణయించుకున్న గో అరౌండ్‌లు లాగ్‌బుక్‌లో కనిపిస్తున్నాయి. ఒకసారి అడ్డంగా వచ్చిన పక్షుల గుంపు వల్ల, ఒకసారి 300 అడుగుల దగ్గర వేగం 74 ఉన్నందువల్ల. రెండోది నాకు ఎక్కువ తృప్తినిచ్చింది.

తేలని విషయం పక్కగాలి. ఉత్తర టెక్సస్‌లో దక్షిణపు గాలి ఎక్కువ, అది రన్‌వేలకు దాదాపు నేరుగా ఎదురు వస్తుంది కనుక పక్కగాలి సాధనకు మంచి రోజులు దొరకడం కష్టం. గాలి నైరుతికి తిరిగిన రోజున ఆమె రెక్క వంచి పట్టుకోవడం సరిగానే చేస్తారు, చక్రం నేలను తాకిన తర్వాత మాత్రం రెక్కల చివర ఉండి విమానం వంపును నియంత్రించే ఎయిలరాన్లను వదిలేస్తారు. ఇది పాత సమస్యతో సంబంధం లేనిది, వేరే పాఠం. లైసెన్సుకు ముందు ఆమె ఒంటరిగా 150 నాటికల్ మైళ్ల ప్రయాణం చేయాలి, మూడు చోట్ల పూర్తిగా ఆగేలా దిగాలి, ఒక అంచె 50 మైళ్లకు మించి ఉండాలి. దానికి సంతకం పెట్టేటప్పుడు పక్కగాలి పరిమితి 8 నాట్లుగా రాశాను. విమానం తయారీదారు 15 నాట్ల దాకా చేసి చూపించారు. ఆమె చక్రాలు తాకాక కూడా ఎయిలరాన్‌ను గాలి వైపు తిప్పి ఉంచడం నిలకడగా చేసిన రోజున ఆ అంకెను 10కి మారుస్తాను.